మెక్సికో సిటీలో గైడ్‌తో టాకో వాకింగ్ టూర్: బీఫ్ తినని మాకు, ప్యూర్ వెజ్ అత్తయ్యకి కుదురుతుందా?

డాలస్_కోడలు:
అందరికీ నమస్తే అండి. థాంక్స్‌గివింగ్‌కి నాలుగు రోజులు మెక్సికో సిటీ వెళ్తున్నాం, నేను, మా ఆయన, మా అత్తయ్య. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చారు, అమెరికా వీసా వాలిడ్‌గా ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు కాబట్టి ఆ బాధ లేదు, టికెట్లు కూడా అయిపోయాయి. మా ఆయనకి టాకోలంటే ప్రాణం, ఇక్కడ వారానికి రెండుసార్లు ట్రక్ దగ్గరే ఉంటారు. అందుకని అక్కడ గైడ్ వెంట నడుచుకుంటూ ఐదారు బండ్ల దగ్గర తినిపించే టూర్ ఒకటి బుక్ చేద్దామని చూస్తున్నా, మూడున్నర గంటలంట.

ఇప్పుడు నా డౌట్లు. మేం బీఫ్ తినం. పోర్క్ ఆయన తింటారు, నేను తినను, చికెన్ మటన్ ఇద్దరికీ ఓకే. అత్తయ్య అయితే గుడ్డు కూడా ముట్టరు. ఆవిడ మీరు వెళ్ళి రండమ్మా నేను గదిలో పెరుగన్నం తిని పడుకుంటా అంటున్నారు కానీ అంత దూరం తీసుకెళ్ళి ఆవిడని గదిలో కూర్చోబెట్టి మేం తిరగడం నాకస్సలు మనసొప్పట్లేదు. రాత్రి టూర్ మంచిదా పొద్దున టూర్ మంచిదా, ఎంత నడవాలి (ఆవిడకి మోకాళ్ళ నొప్పులు), కడుపు పాడవుతుందా, వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గోదారిగట్టు:
అక్కా నేను రెండుసార్లు చేశా, ఒకటి రాత్రిది ఒకటి పొద్దున్నది, రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ముందు రాత్రిది. బుకింగ్‌లోనే బీఫ్ తినం అని రాశాం, వెళ్ళాక నోటితో కూడా చెప్పాం. గ్రూప్‌లో పద్నాలుగు మంది. మూడో బండి దగ్గర అందరికీ ప్లేట్లు పంచుతూ మాకూ ఇచ్చేశారు, ఏంటిది అంటే "కార్నె" అన్నారు. అక్కడ ఉత్తినే కార్నె అంటే మామూలుగా బీఫ్ అనే అర్థం, మాకు తెలీదు. తినేశాక పక్కన స్పానిష్ వచ్చిన ఒకాయన చెప్తే తెలిసింది అది సువాదెరో అని, ఆవు పొట్టకీ కాలికీ మధ్య ఉండే మాంసం. మా ఆవిడ ఆ రాత్రంతా ఏడ్చింది, ఇంకేమీ తినలేదు. నాకు ఇప్పటికీ ఆ గైడ్ మీద కోపం పోలేదు, చెప్పి మరీ వెళ్ళాం కదా.

అందుకే ఇది గుర్తుపెట్టుకోండి. సువాదెరో బండి ఎలా ఉంటుందంటే మధ్యలో గుండ్రంగా ఉబ్బి చుట్టూ కందకంలా ఉండే పెద్ద పెనం, దాన్ని చోరిసేరా అంటారు. ఆ కందకంలో కొవ్వు మరుగుతుంటే అందులోనే సువాదెరో, పేగులు, లొంగనీసా అనే పోర్క్ సాసేజ్ అన్నీ కలిసి ఉడుకుతాయి, టోర్టియా (టాకోకి వాడే మొక్కజొన్న రొట్టె) కూడా ఆ కొవ్వులోనే అద్ది వేడి చేస్తారు. అంటే మీ ఆయన పోర్కే తింటా అన్నా ఆ బండి దగ్గర బీఫ్ కొవ్వు తగలకుండా ఉండదు. ఆ బండి మొత్తం వదిలేయడమే.

అసలు సంగతి ఏంటంటే అక్కడ ఒక్కో టాకోకి ఒక్కో టైమ్ ఉంది, మనకి పొద్దున ఇడ్లీ బండి సాయంత్రం పునుగుల బండి ఉన్నట్టే. బుట్టలో పెట్టుకుని సైకిల్ మీద అమ్మే తాకోస్ దె కనాస్తా పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపు. బార్బకోవా, కార్నీతాస్ (కొవ్వులో మగ్గించిన పోర్క్) కూడా పొద్దునే, మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ. అల్ పాస్తోర్, సువాదెరో చీకటి పడ్డాక. కాబట్టి టూర్ పేరు చూడకండి, ఎన్నింటికి మొదలవుతుందో చూడండి, అదే మీరు ఏం తింటారో తేల్చేస్తుంది. రాత్రి టూర్ అంటే దాదాపు అంతా పోర్కూ బీఫే. మీ ఇంటికి పొద్దున్నదే కరెక్ట్, అదీ శనివారమో ఆదివారమో.

ఎందుకంటే వీకెండ్ పొద్దున బార్బకోవా ఉంటుంది. మీరు డాలస్‌లో బార్బకోవా అంటే బీఫ్ అనుకుని ఉంటారు, టెక్సాస్‌లో అది బీఫే, కానీ మెక్సికో సిటీ చుట్టుపక్కల, ముఖ్యంగా ఇదాల్గో రాష్ట్రం పద్ధతిలో అది గొర్రె మాంసం. నేలలో గుంట తవ్వి, నిప్పులు పరిచి, మన కిత్తనార మొక్క జాతిదే మగేయ్ అని ఒకటుంటుంది, దాని మట్టలు కాల్చి గుంట చుట్టూ వేసి మాంసం పెట్టి కప్పేస్తారు, రాత్రంతా లోపలే మగ్గుతుంది. కారిన రసం కింద గిన్నెలో పడుతుంది, అందులో శనగలు, బియ్యం వేసి ఉంటాయి, దాన్ని కోన్సోమె అని గ్లాసులో ఇస్తారు. పొద్దున ఎనిమిదింటికి చలిలో ఆ వేడి రసం తాగుతుంటే పాయా గుర్తొచ్చింది. నమ్మకం కోసం "బొర్రేగో?" అని అడగండి, గొర్రె అని.

మీ ఆయనకి అల్ పాస్తోర్ మాత్రం మిస్ చేయకండి, అది ఒక రాత్రి విడిగా వెళ్ళి తినచ్చు, టూర్ అక్కర్లేదు. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చిన షావర్మాయే అది, ముందు ప్యూబ్లాలో తాకోస్ ఆరబెస్ అయింది, తర్వాత గొర్రె పోయి పోర్క్ వచ్చింది, ఎండుమిర్చి, అచియోతె గింజల ఎర్ర ముద్ద పట్టించి నిలువు కమ్మీకి గుచ్చుతారు, పైన అనాసపండు. కత్తితో మాంసం చెక్కి అదే కత్తితో అనాస ముక్కని గాల్లోకి ఎగరేసి టాకోలో పడేలా పట్టుకుంటారు, నేను ఇరవై నిమిషాలు నిలబడి అదే చూశా.

పెసరట్టు_ప్రియ:
అక్కా నేను పుట్టు వెజిటేరియన్‌ని, అయిదు రోజులు ఉన్నా, ఒక్క పూట కూడా పస్తు లేను. అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్ళండి, గదిలో వదలకండి ప్లీజ్.

ఆవిడకి త్లకోయో అని అడగండి. నీలం మొక్కజొన్న పిండి కోలగా తట్టి లోపల చిక్కుడు గింజల ముద్దో బఠాణీ ముద్దో పెట్టి పెనం మీద కాలుస్తారు, పైన నోపాల్ ముక్కలు, ఉల్లి, కొత్తిమీర, చీజ్, సాల్సా. నోపాల్ అంటే ఏంటో తెలుసా, మన నాగజెముడు జాతి, ముళ్ళు తీసేసిన లేత మట్టలు. కొంచెం బెండకాయ జిగురుంటుంది పుల్లగా బాగుంటుంది. మన ఊళ్ళలో కంచెకి వేసేదాని చుట్టాన్ని వాళ్ళు కూర వండుకుంటున్నారని మా అమ్మకి ఫోన్లో చెప్తే నమ్మలేదు. ఇంకా గుమ్మడి పువ్వుల కేసదియా (లోపల కూర పెట్టి మడిచి కాల్చిన టోర్టియా), మొక్కజొన్న కంకికి పట్టే నల్ల బూజు వీత్లకోచె, అది చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ రుచి పుట్టగొడుగుల్లాగే. ఒక విచిత్రం, మెక్సికో సిటీలో కేసదియా అంటే చీజ్ ఉంటుందని గ్యారంటీ లేదు, "కోన్ కేసో" అని విడిగా చెప్పాలి.

ఇప్పుడు జాగ్రత్తలు. మాంతెకా అనే మాట నేర్చుకోండి, పంది కొవ్వు. బీన్స్ ముద్దలో చాలామంది అదే వేస్తారు, బుట్ట టాకోల్లో ఆలూ టాకో బీన్స్ టాకో ఉన్నాయని సంబరపడకండి, ఆ బుట్టలో పంది చర్మం టాకోలు కూడా వాటి పక్కనే ఉంటాయి, పైన పోసేది నూనో కొవ్వో అడిగి తెలుసుకోవాల్సిందే. "సిన్ మాంతెకా, సిన్ కార్నె, సిన్ పోయో" అని మూడూ చెప్పండి, ఎందుకంటే కార్నె వద్దంటే చికెన్ పెట్టేవాళ్ళున్నారు. ఎర్ర అన్నం కూడా చికెన్ రసంతో వండుతారు చాలాచోట్ల. మొక్కజొన్న కంకి బండి చూసి అత్తయ్యగారు ఆగుతారు, కానీ దాని మీద మయొనీస్ రాస్తారు, అందులో గుడ్డు, కాబట్టి "సిన్ మయొనేసా", నిమ్మకాయ కారం ఉప్పు చాలు. మామిడి, జికామా అనే దుంప ముక్కల మీద కారం నిమ్మరసం చల్లి గ్లాసులో ఇస్తారు, అది ఆవిడకి కళ్ళు మూసుకుని కొనివ్వండి.

రోమా ఏరియాలో పోర్ సియెంప్రే వెగానా అని పూర్తి వీగన్ టాకో బండి ఉంది, పాస్తోర్ కూడా మాంసం లేకుండా చేస్తారు. ఒక రోజు ముగ్గురూ ఒకే చోట ఒకే తిండి తినాలంటే అక్కడికి వెళ్ళండి.

నల్లగొండ_నడక:
నాకైతే టూర్ పైసలు దండగ అనిపిస్తది అక్కా. మేం పోయినేడు నలుగురం దోస్తులం పోయినం, గైడ్ లేదు ఏం లేదు, ఎక్కడ జనం గుంపుగ నిలబడ్డరో అక్కడ నిలబడ్డం, వేలు పెట్టి చూపిచ్చి తిన్నం. ఒక్కో టాకో 20, 30 పెసోలు, కడుపు నిండ తిన్నా టూర్ ధరల సగం గూడ కాలే. సాన్ రఫాయెల్‌ల ఎల్ కలీఫా దె లెయోన్ అని 1968 నుంచి నడుస్తున్న చిన్న హోటల్, 2024ల మిషెలిన్ స్టార్ (మంచి హోటళ్ళకిచ్చే పెద్ద గుర్తింపు) వచ్చింది, టాకో హోటల్‌కి ఆ స్టార్ రావుడు అదే మొదలు, లైన్ల నిలబడి తిన్నం, కూసునేటందుకు జాగ గూడ ఉండదు. కాకపోతే అక్కడ బీఫ్, పోర్కే, మీకు పనికిరాదు. నర్వార్తెల ఎల్ విల్సీతో అని ఉంది, పగలంత కార్లు రిపేర్ చేస్తరు, రాత్రయితే అదే జాగల పాస్తోర్ పెడతరు, మీ ఆయనకి అది సూపర్.

గోదారిగట్టు:
@నల్లగొండ_నడక బ్రో నలుగురు కుర్రాళ్ళు ఏదైనా తినేవాళ్ళయితే నువ్వన్నది నిజమే, నేనూ అదే చెప్తా. కానీ అక్కకి ముగ్గురికి మూడు రకాల నియమాలు. ఏ పెనం మీద ఏ కొవ్వు వేశారో వేలు పెట్టి చూపించి కనుక్కోలేం, దానికి భాష కావాలి. నా రెండో టూర్‌లో ఆరుగురమే, ఆ గైడమ్మాయి ప్రతి బండి దగ్గర మాకంటే ముందు వెళ్ళి అడిగి, ఒక చోట నూనె ఏంటో బండివాళ్ళు సరిగ్గా చెప్పకపోతే అక్కడ ఆపకుండా తీసుకెళ్ళిపోయింది. ఇచ్చిన డబ్బు దానికే.

నల్లగొండ_నడక:
అవునన్నా, ముసలావిడ ఉన్నది నేను సోంచాయించలే. మీకైతే గైడ్ ఉండాల్సిందే.

గ్వాడలహారా_బాబాయ్:
అమ్మా, నేను ఉద్యోగం మీద గ్వాడలహారాలో ఏడేళ్ళుగా ఉంటున్నాను, చుట్టాలు వచ్చినప్పుడల్లా మెక్సికో సిటీ తిప్పుతుంటాను. అందరూ మాంసం గురించే చెప్పారు, నేను టోర్టియా గురించి చెప్తాను, మీ అత్తగారికి నచ్చేది అదే.

టూర్ వాళ్ళకి మెయిల్ పెట్టినప్పుడు ఒక్కటి అడుగు, మొక్కజొన్నని సున్నంలో ఉడికించి పిండి పట్టే మిల్లు దగ్గర ఆగుతారా అని. సరైన టోర్టియాకి పిండి పొడిగా ఆడించరు. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రాత్రంతా నానబెడతారు, పొద్దున పొట్టు జారిపోతుంది, కడిగి తడిగానే రుబ్బుతారు. ఆ పద్ధతే నిష్తమాల్. సున్నం అంటే మనం తాంబూలంలో వేసుకునే సున్నమే. సున్నం పడకపోతే మొక్కజొన్న పిండి అలా సాగదు, ముద్ద కట్టదు. ఇంకో సంగతి, మొక్కజొన్నలో ఉండే నయాసిన్ విటమిన్ సున్నంతో ఉడికిస్తేనే ఒంటికి పడుతుంది. ఐరోపావాళ్ళు గింజ తీసుకెళ్ళారు గానీ సున్నం పద్ధతి తీసుకెళ్ళలేదు, ఇటలీలో మొక్కజొన్న మీదే బతికిన పేదలకి పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. మెక్సికోలో వేల ఏళ్ళుగా అదే గింజ తింటూ నిలబడ్డారంటే ఆ గుప్పెడు సున్నమే. నాకు ఇది తెలిసిన రోజు నుంచి టోర్టియాని చూసే చూపే మారిపోయింది.

పాత ఇళ్ళలో ఆ పిండి రుబ్బే రాయి మెతాతె, అచ్చం మన సన్నికల్లు, మూడు కాళ్ళుంటాయి అంతే. సాల్సా నూరేది మోల్కహేతె, మన చిన్న రోలు. పెనాన్ని కొమాల్ అంటారు. మిరపకాయ మనకి అక్కణ్ణుంచే పోర్చుగీసువాళ్ళ ద్వారా వచ్చిందని అందరికీ తెలుసు, కానీ మనం సపోటా అంటామే, ఆ మాట కూడా ఇక్కడి నవాత్ల్ భాషలో త్సపోత్ల్ నుంచి వచ్చిందే.

ఆరోగ్యం సంగతి. ఊరు 2240 మీటర్ల ఎత్తులో ఉంది, దిగిన రోజే టూర్ పెట్టుకోకు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కుళాయి నీళ్ళు తాగొద్దు. ప్లేట్లకి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఇస్తారు, కంగారు పడకు, అది శుభ్రం కోసమే, కడిగే నీళ్ళు తక్కువ కాబట్టి. డబ్బు ముట్టిన చేత్తోనే తిండి ముట్టే బండి వదిలెయ్. పచ్చ సాల్సా అంటే కారం తక్కువ అనుకుంటారు మనవాళ్ళు, చాలాసార్లు అదే ఎక్కువ, ముందు చుక్క నాకి చూడు. నడక రెండు మూడు కిలోమీటర్లే ఉంటుంది కానీ పాత ఊరు చెరువు పూడ్చిన నేల మీద కట్టింది, కుంగి కుంగి ఫుట్‌పాత్‌లు ఎగుడుదిగుడు. మెత్తటి బూట్లు వేయించు, మధ్యలో కూర్చునే మార్కెట్ ఒకటైనా ఉన్న టూర్ తీసుకో. నిలబడి తినే బండ్లే అయితే ఆవిడ వల్ల కాదు.

డాలస్_కోడలు:
ఒక్కొక్కరికీ దణ్ణాలండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. శనివారం పొద్దున తొమ్మిదింటిది, ఆరుగురికి మించని గ్రూప్, మార్కెట్ ఉన్నది బుక్ చేశాం. బాబాయ్ గారు చెప్పినట్టు మిల్లు గురించి మెయిల్ పెడితే మిల్లు కుదరదు కానీ చేత్తో రుబ్బే ఆవిడ దగ్గర ఆపుతాం అన్నారు. బీఫ్ సంగతి, మాంతెకా సంగతి స్పానిష్‌లోనే రాయించి పంపాను.

డాలస్_కోడలు (రెండు వారాల తర్వాత):
వెళ్ళొచ్చాం, చెప్పకుండా ఉండలేకపోతున్నా. బార్బకోవా మా ఇద్దరికీ తెగ నచ్చింది, కోన్సోమె రెండు గ్లాసులు తాగాను. కానీ అసలు ముచ్చట అత్తయ్యది. మార్కెట్ బయట ఒక పెద్దావిడ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని మెతాతె మీద నీలం పిండి రుబ్బుతోంది. అత్తయ్య అక్కడే ఆగిపోయారు. గైడ్‌ని పిలిచి సున్నం ఎంత వేస్తారు అడగమ్మా అన్నారు, ఆవిడేమో చూపుడు వేలూ బొటనవేలూ కలిపి చూపించి, తర్వాత అరచెయ్యి ఇలా గుంటగా పెట్టింది, కొలతలేం లేవు. అత్తయ్య తలూపారు, అర్థమైపోయింది ఆవిడకి. కాసేపయ్యాక ఆ పెద్దావిడ చిన్న ముద్ద తీసి అత్తయ్య చేతిలో పెట్టింది, ఈవిడ ఊళ్ళో జొన్నరొట్టె తట్టినట్టు తట్టారు, అంచులు చీలాయి, ఆవిడ నీళ్ళు చిలకరించి సరిచేసి పెనం మీద వేసింది. నోపాల్, చీజ్ వేసుకుని తను తట్టినదే తను తిన్నారు. నోపాల్ ఇంకొంచెం అడిగారు కూడా.

ఇప్పుడు ఇంటికొచ్చి డాలస్‌లో ఆ తడిపిండి ఎక్కడ అమ్ముతారో కనుక్కో అంటున్నారు, ప్యాకెట్‌లో వచ్చే పొడి తెచ్చి చూపిస్తే వాసన చూసి పక్కన పెట్టేశారు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇర్వింగ్ వైపు అయితే మాకు దగ్గర.