సమస్యాపూరణం: తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

నిర్వాహకుడు, జులై 2021

ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ నైజీరియా ఫార్వర్డ్ బార్తొలొమ్యూ ఒగ్బెచేని తీసుకుంది. వయసు 36, అక్టోబరు వస్తే 37. పొద్దున్నుంచి నా ఫోన్‌లో ‘తాతను తెచ్చారు’ అనే మాట తప్ప వేరే మాట లేదు. అందుకని ఈసారి తేటగీతి పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, దీన్ని నాలుగోదిగా అర్థం కుదిరేలా పూరించాలి:

తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

కానివ్వండి. బూతు వద్దు, రాజకీయం వద్దు.

పెనాల్టీ పంతులు

బోణీ నాదే.

ముప్పదాఱేండ్ల వాడేల ముసలి యనుచు
నవ్వినారలు గల్లీల నగర జనులు
గోలు కొట్టగ నాతండు గుండె పొంగి
తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

గోల్కొండ కలం

ధార బాగుంది పంతులుగారూ. ‘నవ్వినారలు గల్లీల’ చదువుతుంటే పాతబస్తీలో పురాణం చెప్పినట్టుంది. కాని ఒక సందేహం. ఇందులో తల్లి ఎవరు? మూడు పాదాలూ తాత చుట్టూ తిరిగి, నాలుగో పాదంలో ఎవరో తల్లి వచ్చి మురిసి వెళ్ళిపోయింది. ఎవరి తల్లి? ఎందుకు మురిసింది?

పెనాల్టీ పంతులు

భాగ్యనగరమే తల్లి. చదివేవాడికి తెలియదా?

గోల్కొండ కలం

చదివేవాడికి తెలుస్తుందని వదిలేస్తే ఇక పూరణ ఎందుకండీ, పాదం ఒక్కటే చదువుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. తల్లి ఎవరో పద్యంలోనే చెప్పవచ్చు, చూడండి:

వదలి కేరళ ముంబైల వచ్చె నిటకు
పేరు ఒగ్బెచే యట మరి పెద్దవాడు
కొడుకు జట్టుకు గెలుపిచ్చు కోర్కె తీర
తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

పెనాల్టీ పంతులు

తల్లిని తెచ్చారు, సంధిని పోగొట్టారు. ‘పేరు ఒగ్బెచే’ ఏమిటి మహాప్రభో? ఉత్తు తరవాత అచ్చు వస్తే సంధి నిత్యం. ‘పేరొగ్బెచే’ అనాలి. అన్నారంటే మొదటి గణమే, అంటే గురులఘువుల లెక్కే, కూలిపోతుంది. నల్లేరు మీద బండి అనుకున్నారు, రెండో పాదంలోనే ఇరుసు విరిగింది.

నిర్వాహకుడు

విసంధి నిజమే. పోనీ ఇలా మార్చుకోండి: ‘వాని పేరొగ్బెచే యని వాడ చెప్ప’. మిగిలిన పద్యం ముట్టుకోనక్కర్లేదు. మొదటి పాదంలో కేరళ, ముంబై రెండూ ఇమిడ్చిన తీరు నాకు నచ్చింది. గువాహటి మిగిలిపోయింది, 2018-19లో నార్త్ఈస్ట్ యునైటెడ్‌కు ఆడాడు కదా. అదీ ఇరికించమంటే తిడతారు.

గోల్కొండ కలం

సవరణకు ధన్యవాదాలు. పంతులుగారికి కూడా. సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఉండాల్సిన చోట ‘ఫుట్బాలు’ వేసి పద్యం మొదలుపెట్టినవారు నాకు గణాలు నేర్పుతుంటే కాస్త ముచ్చటగా ఉంది, అంతే.

పెనాల్టీ పంతులు

అది మన ఆటగాడు లిస్టన్ కొలాసో మోహన్ బగాన్‌కు వెళ్ళిపోయిన బాధలో రాసింది. అయినా ఆ పద్యాన్ని ఇక్కడికి ఎందుకు లాగుతారు? అప్పుడే ‘ఫుట్‌బాల్’ అని పొల్లుతో చదవమని చెప్పాను.

గోల్కొండ కలం

పొల్లుతో చదివినా రెండు గురువులే. సూర్యగణాల్లో రెండు గురువులది ఎక్కడుందో చూపించండి, వెతుక్కుని నేర్చుకుంటాను.

ఎడమకాలి కవి

అన్నలూ, లిస్టన్ గొడవ ఆపండి, నాకు మళ్ళీ ఏడుపొస్తుంది. నేను సంబరం పద్యం రాయలేను. అరిడానె సంతానా పోయిన సీజన్‌లో పది గోల్స్ కొట్టాడు, కెప్టెన్‌గా ఉన్నాడు, అయిదో స్థానం దాకా తెచ్చాడు. అంతకు ముందు ఏడు మనది అట్టడుగు. అలాంటివాణ్ణి వదిలి ఇంకా పెద్దవాణ్ణి తెస్తారా? 2002 ప్రపంచ కప్‌లో ఈయన నైజీరియాకు ఆడినప్పుడు మన జట్టు కుర్రాడు ఆకాశ్ మిశ్రా ఊయల్లో ఉన్నాడు. ఇదిగో నా బాధ:

పోయె నరిడానె పదిగోళ్ళ పొగరు తోడ
వచ్చె ముసలాయ నొకరుండు వలసపక్షి
బంతి పెరటిలో పడినంత బాబు కొరకు
తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

నిర్వాహకుడు

గోలు తప్పి బంతి స్టేడియం దాటి గచ్చిబౌలిలో ఎవరి పెరట్లోనో పడింది, పిల్లాడికి బంతి కొనే ఖర్చు తప్పిందని తల్లి మురిసింది! బాబూ, తిట్టడానికి రాసినా ఇప్పటిదాకా తల్లి మురవడానికి సరైన కారణం చూపించింది నువ్వే.

గోల్కొండ కలం

‘పదిగోళ్ళ పొగరు’ అంటే రెండు చేతుల గోళ్ళూ లెక్కపెట్టాను. సరిగ్గా పదే ఉన్నాయి.

కొచ్చి తెలుగోడు

నేను ఉద్యోగరీత్యా కొచ్చిలో ఉంటాను, పద్యం రాదు, చదువుతాను. ఒక్క మాట. 2019-20లో ఇక్కడి కేరళ బ్లాస్టర్స్‌కు కెప్టెన్‌గా 15 గోల్స్ కొట్టాడు. వెళ్ళనిచ్చారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇప్పటికీ ఆ మాటెత్తితే టీ చల్లారిపోతుంది. మరుసటేడు ముంబై కప్పు గెలిచిన ఫైనల్లో, తొంభయ్యో నిమిషంలో బిపిన్ సింగ్ కొట్టిన గోలుకు బంతి అందించింది కూడా ఈయనే. ముసలివాడు పరుగెత్తడు, నిజమే. గోలు ముందున్న పెట్టె లోపల ఎక్కడ నిలబడాలో తెలిసినవాడికి పరుగెందుకు? బంతే ఆయన దగ్గరికి వస్తుంది. మీరు తాత అనుకుంటూ ఉండండి, మావాళ్ళు మాత్రం మిమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్నారు.

ఎడమకాలి కవి

అన్నా, ముంబైలో ఎనిమిదే కొట్టాడు. పదిహేను నుంచి ఎనిమిదికి దిగాడు. మా దగ్గర నాలుగు కొడతాడేమో. కోచ్ మనోలో మార్కెజ్ మీద నమ్మకం ఉంది కాబట్టి ఊరుకుంటున్నాను.

తేటగీతమ్మ

ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. తాత మైదానంలోనే ఉండాలా?

నిండు చూలాలు టీవీని నేడు చూడ
గోలు గోలని యూరెల్ల గోల పెట్ట
తనదు తండ్రియే గర్భాన దాగె ననగ
తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

నిర్వాహకుడు

అమ్మా! రెండుసార్లు చదివాను. పోయిన నాన్నే మళ్ళీ కడుపున పుడుతున్నాడని మన ఇళ్ళల్లో ఎంతమంది అనుకోరు! టీవీలో గోలు పడింది, ఊరంతా అరిచింది, లోపలున్నాయన ఉలిక్కిపడి తన్నాడు. తాత, తన్ను, తల్లి ముగ్గురూ ఒకే చోట. వయసైన ఆటగాడి కోసం పాదమిస్తే ఇంకా పుట్టని ఆటగాడితో పూరించారు. ‘గోలు గోలని యూరెల్ల గోల పెట్ట’ ఒక్కటే చాలు.

పెనాల్టీ పంతులు

ఊహ బాగుంది, కాదనను. కాని మూడో పాదంలో ‘త’కు ‘దా’తో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) వేశారు. అంత అవసరమొచ్చిందా? తకారం దొరకనంత కరువు తెలుగులో లేదు కదా.

గోల్కొండ కలం

ఒకే వర్గం, శుభ్రంగా చెల్లుతుంది. పంతులుగారూ, గోలు పడ్డాక ఆఫ్‌సైడ్ జెండా ఎత్తే అలవాటు మానుకోరా?

పెనాల్టీ పంతులు

చెల్లదనలేదు. అందం తగ్గిందన్నాను. వర్గయతి అంటే అప్పు తెచ్చి పెళ్ళి చెయ్యడం. నేనైతే చచ్చినా వాడను.

తేటగీతమ్మ

సరేనండి, గుర్తుంచుకుంటాను.

కొచ్చి తెలుగోడు, జనవరి 2022

పాత దారం పైకి తీస్తున్నందుకు క్షమించండి. ఈస్ట్ బెంగాల్ మీద 4-0, అందులో మూడు తాతవే. ఎడమకాలి కవిగారు ‘నాలుగు కొడతాడేమో’ అన్నారు కదా, ఆయన క్షేమంగా ఉన్నారా?

ఎడమకాలి కవి

ఉన్నాను అన్నా. పెరట్లో బంతి వెతుకుతున్నాను.

పెనాల్టీ పంతులు, మార్చి 2022

కప్పు మనదే! గోవా ఫతోర్దాలో బ్లాస్టర్స్ మీద! కొచ్చి సోదరుడికి సానుభూతి. నిద్ర రావడం లేదు, ఈ పద్యం వచ్చింది:

ముప్పదేడేండ్ల వయసున ముచ్చటగను
బూటు బంగారు దాయెను పుణ్యమూర్తి
కాలి మహిమకు మన జట్టు కప్పు తేగ
తాత తన్నిన తన్నుకే తల్లి మురిసె

నిర్వాహకుడు

18 గోల్స్, గోల్డెన్ బూట్ (లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే బహుమతి), కప్పు, అన్నీ నాలుగు పాదాల్లో. అభినందనలు. ఒక చిన్న న్యాయం మాత్రం చెప్పాలి. ఫైనల్లో మన గోలు తాతది కాదు, 88వ నిమిషంలో సాహిల్ తవోరాది. సీజన్ అంతా మోసింది తాతే కాబట్టి పద్యం నిలుస్తుంది.

గోల్కొండ కలం

పద్యం నిలుస్తుంది. తల్లి మాత్రం ఈసారీ రాలేదు. ఎనిమిది నెలలైంది, ఆవిడ అడ్రసు ఇంకా దొరకలేదా పంతులుగారూ?

తేటగీతమ్మ

పంతులుగారూ, రెండో పాదంలో ‘బూ’కు ‘పు’తో యతి వేశారు. పెళ్ళి ఖర్చుకు అప్పు ఎక్కడ తెచ్చారండీ?

పెనాల్టీ పంతులు

కప్పు వచ్చిన రాత్రి యతులు అడగకూడదమ్మా. రేపు పొద్దున సవరిస్తాను.

గోల్కొండ కలం

సవరించకండి. ఆ పాదం అలాగే ఉండాలి. దాన్ని చూసుకుని నేను ఇంకో ఏడాది బతుకుతాను.

కొచ్చి తెలుగోడు

ఇక్కడ ఊరంతా మౌనం. అయినా మమ్మల్ని ఓడించింది మీ తాత కాదు, మీ గోలీ. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. మీవాళ్ళు ఒక్క పద్యమైనా అతని మీద రాశారా?

నిర్వాహకుడు

న్యాయమైన మాట. పాత దారం ఇక్కడితో కట్టేస్తున్నాను. కొత్త పాదం:

కాలి యాటను చేతులే గాచె నయ్య

గోల్కొండ కలం

‘కా’కు ‘గా’. నిర్వాహకుడుగారు కూడా అప్పు చేశారు, ఎవరైనా పంతులుగారికి కబురు పెట్టండి.

పెనాల్టీ పంతులు

చూశాను. నాకు అభ్యంతరం లేదు. ఇందులో తల్లి లేదు, అదే పదివేలు.