అప్‌డేట్: ఫ్రీలాన్స్ న్యూస్ ఫొటోగ్రఫీ మొదలుపెట్టాను, ఉద్యోగం మానలేదు

ఉద్యోగం వదిలేసి ఫ్రీలాన్స్ న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా మారాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ప్రస్తుతానికి ఉద్యోగం వదలడం లేదు, సెలవుల్లోనే వార్తల ఫొటోలు తీస్తున్నాను.

ఫొటో కన్నా క్యాప్షన్‌కే ఎక్కువ శ్రమ. ఊరేగింపులో ముందు నడుస్తున్నావిడ పేరు, ఇంటిపేరు అక్షరాలతో సహా అక్కడే అడిగి రాసుకోవాలి. జనం చెదిరిపోయాక ఎవరూ దొరకరు. ఎడిటింగ్‌కీ హద్దులున్నాయి. రా (RAW) ఫైళ్ల నుంచి, అంటే కెమెరా ప్రాసెస్ చేయకుండా దాచిన ముడి ఫైళ్ల నుంచి తయారుచేసిన ఫొటోలు వద్దని, కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవి పంపమని వార్తాసంస్థ రాయిటర్స్ 2015లోనే ఫ్రీలాన్సర్లకు చెప్పింది. నాకది సబబే అనిపించింది.

కాపీరైట్ మొత్తం రాసిచ్చేయమంటే మాత్రం సంతకం పెట్టను. డబ్బు ఆలస్యంగా వస్తుందని మీరన్నది నిజమే, ఒక పత్రిక నుంచి ఇంకా రావాలి. బీమా సంగతి తేలేదాకా గొడవలు జరిగే చోటికి వెళ్లను.