సహస్ర పక్కన రెండో పేరు ఏది పెడితే బాగుంటుంది? (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

గోదారొడ్డు:
పాపకు సహస్ర అని ఖాయం చేసినం. రోహిణి రెండో పాదం, అక్షరం ‘వ’ వచ్చింది కాబట్టి రెండో పేరు వైష్ణవి అనుకుంటున్నం. అత్తమ్మ శ్రీలక్ష్మి పెట్టాలంటున్నది. ఇంటిపేరు వేముల. వచ్చే వారం తొట్టెల. జన్మ దాఖలాలో (బర్త్ సర్టిఫికెట్‌ల) పేరు గడి ఇంకా ఖాళీగనే ఉంది. పది దాకా ఇక్కడి మరాఠీ బడి, తర్వాత మంచిర్యాల పంపుదామని. రెండు దిక్కుల కాగితాల్లో తిప్పలు లేకుండా ఎట్ల రాయించాలె?

మాత్రాగణం:
పేరు మొత్తం బయటికి, కొంచెం వేగంగా పిలిచి చూడండి. సహస్ర ‘స్ర’తో ఆగుతుంది, వెంటనే ‘శ్రీ’ వస్తే ఒకదాన్ని నాలుక మింగేస్తుంది. ‘సహశ్రీలక్ష్మి’ అవుతుంది. అనన్య, ఆద్య లాంటి అచ్చుతో మొదలయ్యే పేర్లు కూడా ఇక్కడ అతకవు, సంధి కలిసి సహస్రానన్య అయిపోతుంది. వైష్ణవి దానికదే బాగుంది గానీ మహారాష్ట్ర వరసలో ఇంటిపేరు చివరికి వస్తుంది కదా, ‘వైష్ణవి వేముల’ అన్నప్పుడు వై, వి, వే మూడూ గుద్దుకుంటాయి. మొదటి పేరులో ఒత్తు ఉంది కాబట్టి రెండోది ఒత్తు లేని రెండక్షరాల పేరైతే తేలిగ్గా ఉంటుంది. వాణి నా ఓటు. నక్షత్రం అక్షరం కూడా నిలుస్తుంది.

దాఖలా_దారి:
చెల్లెమ్మా, మహారాష్ట్ర కాగితాల్లో మధ్య గడి మనది కాదు. అది తండ్రి పేరుది. 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లలకైతే బడి, రెవెన్యూ కాగితాల్లో బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరస పెట్టారు. వైష్ణవిని విడిగా రాయిస్తే మొత్తం ఐదు మాటలవుతాయి, బడిలో రాసుకునే వాళ్లు రెండో మాటను తల్లి పేరనుకుంటారు. పైగా ఇక్కడి ఆనవాయితీలో పెళ్లయ్యాక ఆ గడిలోకి భర్త పేరు వస్తుంది. రెండో పేరు బతకాలంటే మొదటి పేరుకే అతికించి, మధ్యలో ఖాళీ లేకుండా ‘సహస్రవాణి’ అని ఒకే మాటగా రాయించండి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడిలో అది, సర్‌నేమ్ గడిలో వేముల.

శ్రీ ముందు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. విడిగా రాస్తే మరాఠీ వాళ్లు మగవాళ్ల పేరు ముందు పెట్టే మర్యాద మాటగా చదువుతారు.

తొందర పడకండి. పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో. ఒకసారి రాశాక మార్చడమే కష్టం. సవరణ తప్పులకే గానీ మనసు మారినందుకు చేయరు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడికీ ఆధార్‌కీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువు జన్మ దాఖలానే, అందుకే అందులో ఉన్న అక్షరాలే అన్నిచోట్లా ఉండాలి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే.

మంచిర్యాలలో ఒక చిక్కు వస్తుంది. మహారాష్ట్ర బోర్డు పదో తరగతి మార్కుల కాగితంలో ముందు ఇంటిపేరు, తర్వాత పిల్ల పేరు, తండ్రి పేరు ఉంటాయి. అక్కడి కాలేజీవాళ్లు తండ్రి పేరును కూడా అమ్మాయి పేరులో భాగం అనుకుంటారు. దరఖాస్తు నింపేటప్పుడే చెప్పండి.

బాలబోధ:
పేరు దేవనాగరిలో (మరాఠీ లిపిలో) మీరే రాసివ్వండి. మరాఠీలో చివరి అకారం పలకరు. మన కల్పనను ఉన్నదున్నట్టు దించితే ‘కల్పన్’ అంటారు, దీర్ఘం పెట్టాలి. వట్టి సహస్ర అయితే వాళ్లకు వెయ్యి అనే మాట, ఆడపిల్ల పేరు కావాలంటే ‘సహస్రా’. సహస్రవాణికి ఆ బాధ లేదు, చివర ‘ణీ’ దీర్ఘం ఉంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలు కూడా పెద్దగా విడివిడిగా రాయండి.

రాయగడ_తెలుగు:
ఒడిశా వైపు చదివేవాళ్ల కోసం: ఇక్కడ మధ్య గడి తండ్రిది కాదండీ, ప్రియదర్శిని, కుమారి లాంటివి విడిగానే రాస్తారు. చిక్కు ‘వ’తో. ఒడియాలో అది ‘బ’ అవుతుంది. వాణి ‘బాణీ’, వైష్ణవి ‘బైష్ణబీ’. దాన్ని చూసి ఇంగ్లీషులో బి అక్షరం వేసేస్తారు. మొదటి ‘య’ కూడా అంతే, యామిని ‘జామినీ’ అవుతుంది.

గోదారొడ్డు:
సహస్రవాణి ఇంట్ల అందరికి నచ్చింది. అత్తమ్మ కోరిన శ్రీలక్ష్మి సంగతి?

మాత్రాగణం:
తొట్టెల నాడు బియ్యంలో రాయించి, చెవిలో ఆ పేరే చెప్పించండి. బియ్యంలో ఎన్ని పేర్లైనా రాసుకోవచ్చు. జన్మ దాఖలాలో మాత్రం ఒకటే ఉండాలి.