ఓవర్‌టైమ్ పన్ను మినహాయింపు 2028 తర్వాత కూడా కొనసాగాలా?

ప్రశ్న (డల్లాస్ నుంచి):
మా ఆవిడ ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. గంటకు 40 డాలర్లు, వారానికి 40 గంటలు దాటితే 60. 2025 జులై 4న సంతకమైన చట్టం చూసి, ఆ 60కీ ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదనుకున్నాం. తీరా రిటర్ను వేసేటప్పుడు, మినహాయింపు అదనంగా కలిసే 20 డాలర్లకే అని తెలిసింది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఎప్పటిలాగే మొత్తం మీద పడుతున్నాయి. ఆ కాస్త లాభమూ 2028తో ఆగిపోతుంది. 2017 నాటి ఆదాయపు పన్ను తగ్గింపులను చాలావరకు శాశ్వతం చేసిన అదే చట్టం, దీనికి మాత్రం గడువు ఎందుకు పెట్టినట్టు?

జవాబు (పన్ను రిటర్నులు తయారుచేసే వ్యక్తి):
ఇది ఆర్థికశాస్త్రానికి సంబంధించిన గడువు కాదండీ, కాగితం మీద ఖర్చు తక్కువగా చూపించే పద్ధతి. 2001లో బుష్ తెచ్చిన పన్ను తగ్గింపులను 2010తో ముగిసేలా రాయవలసి వచ్చింది, ఎందుకంటే సాధారణ మెజారిటీతో సెనేట్ దాటించే బిల్లు బడ్జెట్ లెక్కవేసే కాలం (సుమారు పదేళ్లు) దాటాక లోటు పెంచకూడదని నిబంధన. వాటిని ఒబామా రెండేళ్లు పొడిగించారు. 2013 జనవరిలో దంపతులకు 4,50,000 డాలర్ల ఆదాయం వరకు శాశ్వతమయ్యాయి, ఆపైన మళ్లీ 39.6 శాతం పన్ను వచ్చింది. 2017లో కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి గడువు లేకుండా తగ్గించి, వ్యక్తుల తగ్గింపులకు 2025 అని రాశారు. గడువు దగ్గరపడితే పన్ను పెంచిన అపకీర్తి ఎవరూ నెత్తికెత్తుకోరు గనుక, మీదీ పొడిగిస్తారనే నా అంచనా.

జవాబు (న్యూజెర్సీ నుంచి):
పొడిగించవచ్చు, కానీ పొడిగించాలా? మీ ఆవిడకు వచ్చేంత ఆదాయమే నెలజీతంగా వచ్చే మనవాడు ఐటీలో రాత్రి పదింటిదాకా కూర్చున్నా అతనికి ఓవర్‌టైమూ లేదు, మినహాయింపూ లేదు. పైగా ఈ చట్టం పదేళ్లలో లోటును సుమారు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. అందులో ఓవర్‌టైమ్ లెక్క 2028 వరకే, పొడిగిస్తే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. ఇంకొకటి, శాశ్వతమైనవన్నీ లాభాలే కావు. 2017 చట్టానికి ముందు, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి, సోషల్ సెక్యూరిటీ నంబరు బదులు ఐటిన్ అనే పన్ను నంబరు ఉన్న పిల్లలకూ తలకు 4,050 డాలర్ల మినహాయింపు ఉండేది. అది పోయి 500 డాలర్ల క్రెడిట్ మిగిలింది, ఇప్పుడు అదే స్థిరపడింది.

జవాబు (హైదరాబాద్ నుంచి):
గడువుకు అర్థం ఉండే సందర్భాలూ ఉన్నాయి. 2019 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం కొత్త తయారీ కంపెనీలకు 15 శాతం పన్ను ప్రకటించి, 2023 మార్చిలోగా ఉత్పత్తి మొదలుపెట్టాలంది. ఒక ఏడాది పొడిగించి, 2024 మార్చి తర్వాత ఆపేసింది. ఆలోగా మొదలుపెట్టినవారికి ఆ రేటు పోలేదు. ఫ్యాక్టరీ పెట్టేవాడిని ఆ తేదీ తొందరపెడుతుంది. నర్సును ఏం తొందరపెడుతుంది? ఆసుపత్రిలో మనుషులు తక్కువైతే పిలుస్తారు, వెళ్తుంది. కాబట్టి ఆ మినహాయింపు న్యాయమనిపిస్తే గడువు తీసేయాలి, కాదనిపిస్తే మినహాయింపే తీసేయాలి.

ప్రశ్న వేసినవారు:
మా 22 శాతం శ్లాబులో ఆ మినహాయింపుతో మిగిలేది ఓవర్‌టైమ్ గంటకు 4 డాలర్ల 40 సెంట్లు. ఇంటి అప్పు లెక్కలో 2028 వరకే వేసుకున్నాం.