ఆముక్తమాల్యద: కల వచ్చిన జాము, మేలుకున్న రాయల మనసు

కృష్ణలంక: అవతారికలో, అంటే కావ్యం పీఠికలో, కల వచ్చే వచనం ‘అప్పుణ్యరాత్రి చతుర్థయామంబున’ దగ్గర్నుంచే నోటికొస్తోంది. ముందేముందండీ? మేలుకున్నాక రాయల మనఃస్థితిని పట్టిచ్చే మాట ఏది? కల మిగిల్చిన మనసే పద్యానికి ఎత్తుగడ అవుతుందని వ్యాసం రాస్తున్నాను.

బ్రాడీపేట: ముందున్నది మీ ఊరే. కళింగ దండయాత్రలో ‘విజయవాటి’లో, అంటే విజయవాడలో, కొన్నాళ్లుండి, శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం చేశాడు. ఆ రాత్రే అక్కడి ఆంధ్రవిష్ణువు కలలో కనిపించాడు. ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం, ఉత్తరాంధ్రది కాదు. నాలుగో జాము ఊరికే అనలేదు. కలలొచ్చే నిద్ర తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది. అందులోంచి లేస్తే మాటతో సహా గుర్తుంటుంది. రాసుకునేవాళ్లు కదలకుండా ముందు విన్న మాట, తర్వాత మిగిలిన భావం, ఆఖర్న కథ రాయాలి. కథతో మొదలెడితే ఖాళీలను మనసు తనే అల్లేస్తుంది.

మొగల్రాజపురం: కలలో వినపడ్డ మాటనే మనం సరిగ్గా చదవడం లేదు: ‘తెలుఁగ దేల యన్న దేశంబు తెలుఁగేను, తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొకండ’. ‘తెలుఁగొకండ’ను ‘తెలుఁగొ, కండ’ అని విరవాలి. కండ అంటే కలకండ; తెలుగో, కలకండ అని అర్థం. ‘తెలుఁగ దేల యన్న’ అన్నాక కారణాలు చెప్పాలి కదా! తీపి ఒక కారణం.

అరండల్‌పేట: ఒప్పుకోను. ‘ఏను’కి ‘వల్లభుండ’ ఉత్తమపురుష. ‘ఒకండ’ కూడా అంతే: తెలుగువాణ్ణొకణ్ణి. మీ ‘ఓ’కి హ్రస్వం ఎలా వచ్చింది?

మొగల్రాజపురం: ఆటవెలది రెండో పాదం అయిదూ సూర్యగణాలే: న అంటే మూడు లఘువులు, హ అంటే గురువు, లఘువు. తెలుఁగు, వల్ల, భుండ, తెలుఁగొ, కండ: న హ హ న హ. ‘తెలుఁగో’ అంటే సగణమై (రెండు లఘువులు, గురువు) పాదం చెడుతుంది.

అరండల్‌పేట: గణం కోసం కుదించాడనడం రాయల మీద నింద. తెలుఁగు + ఒకండ అయితే మామూలు ఉకారసంధి. ఎలా విరిచినా గణాలు మారవు, కాబట్టి ఛందస్సు ఇక్కడ సాక్ష్యం కాదు.

బ్రాడీపేట: కలల్లో తిక్కనే ముందు. విరాటపర్వం అవతారికలో తండ్రి కొమ్మన కలలో కనిపిస్తాడు, ఆ వెనుక హరిహరనాథుడు. రాయల దేవుడు సంస్కృత కృతులు మెచ్చుకుంటూనే ‘ఆంధ్రభాష యసాధ్యంబె’ అని పొడుస్తాడు. తిక్కన కలలో వాత్సల్యం. ఒక కావ్యంలో పంతం, ఇంకోదాంట్లో నిబ్బరం అక్కణ్నుంచే వచ్చాయంటాను. అన్నట్టు, తిక్కన తాత భాస్కరమంత్రి ‘గుంటూరి విభుఁడు’!

మొగల్రాజపురం: తిక్కన సరే. ‘తెలుఁగు లెస్స’ అని తీర్పు చెప్పేవాడు ముందు రుచి చెప్పడా? తాటాకుల మీద పదాలకు ఎడం ఉండదు. విరిచిందంతా తర్వాతివాళ్లే.

అరండల్‌పేట: అందుకే ప్రయోగాలు చూడాలి మాస్టారూ. చక్కెర మాట పక్కన లేకుండా ‘కండ’ ఒక్కటే ఆ అర్థంలో వచ్చిన ప్రాచీన పద్యం ఒకటి చూపించండి, ఒప్పుకుంటాను.