కిట్‌తో కట్టిన హర్డీ గర్డీ పలకడం లేదు, కీచుమంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి

మొగల్రాజపురం_నాన్న:

అందరికీ నమస్తే. మాది విజయవాడ. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, రెండేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. వేసవి సెలవుల్లో ఇద్దరం కలిసి ఏదైనా చేద్దామని హర్డీ గర్డీ కిట్ తెప్పించాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇది యూరప్ వాయిద్యం. దీనికి కమాను ఉండదు, పెట్టె మధ్యలో ఒక చెక్క చక్రం ఉంటుంది. కుడిచేత్తో హ్యాండిల్ తిప్పితే ఆ చక్రం అంచు తీగల్ని రుద్దుతుంది, ఎడమచేత్తో మీటలు నొక్కితే స్వరాలు మారతాయి. ఒక తీగ మీద పాట, మిగతా రెండు తీగలు మన తంబూరాలా శ్రుతి ఇస్తూనే ఉంటాయి.

లేజర్‌తో కోసిన ప్లైవుడ్ పలకల్లోంచి ముక్కలు ఊడదీసి ఒకదానిలో ఒకటి గుచ్చుకుంటూ పోవడమే పని. నాలుగు రాత్రులు కూర్చున్నాం. చూడ్డానికి చాలా బాగా వచ్చింది, వాయిస్తేనే బాధ. తిప్పగానే తలుపు బందు కీచుమన్నట్టు ఒకటే కీచు. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఒకచోట శబ్దం పెద్దదై ఇంకోచోట పూర్తిగా పోతుంది. రెండు మీటలు నొక్కితే లోపలే ఉండిపోతున్నాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. పైగా పంచమం, అదే 'ప' స్వరం, తక్కువగా పలుకుతోందని మా అమ్మాయి తంబూరా యాప్ పెట్టి మరీ చూపించింది.

మధ్యలో ఒక్క సెకను, మేం ఏం చేశామో మాకే తెలీదు, సన్నాయి దూరం నుంచి వినిపించినట్టు ఒక స్వరం వచ్చింది. అది విన్నాక దీన్ని షోకేసులో పెట్టేయడానికి ఇద్దరికీ మనసు ఒప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాడీపేట_కమాను:

గుంటూరు నుంచి అండీ, నేను వయొలిన్ వాయిస్తాను. ముందు ఒక్క ప్రశ్న, తీగలకి దూది చుట్టారా? మీ పోస్టులో ఎక్కడా ఆ మాట లేదు, నా అనుమానం అక్కడే. వయొలిన్ కమానుకి వెంట్రుకలు ఉంటాయి కాబట్టి తీగని మెత్తగా పట్టి వదులుతుంది. చక్రం గట్టి చెక్క, అది నేరుగా తీగకి తగిలితే కీచుమనక ఇంకేం చేస్తుంది? అందుకే పెద్ద వాయిద్యాల్లో కూడా చక్రానికి తగిలే చోట ప్రతి తీగకీ పల్చగా దూది చుడతారు. కిట్ కాగితంలో ఆ బొమ్మ చిన్నగా ఉంటే చాలామంది చూడకుండా దాటేస్తారు.

మెడికల్ షాపు దూది వద్దు, దాని పోగులు పొట్టివి, రెండు చుట్లకే ఊడి చక్రానికి అంటుకుంటాయి. మాది పత్తి ఊరు కాబట్టి చెబుతున్నా, గింజ తీసిన పొడుగు పోగు పత్తి కొంచెం సంపాదించండి. దీపం వత్తులు చేసుకునే ఇళ్లలో దొరుకుతుంది. వేళ్లతో లాగితే సాలెగూడులా అవతలి వైపు కనబడాలి, అంత పల్చగా. దాని ఒక కొస తీగకీ చక్రానికీ మధ్య పెట్టి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే మిగతాది తీగే చుట్టేసుకుంటుంది. ఎక్కువైతే గొంతు మూసినట్టు మొద్దుగా పలుకుతుంది, తక్కువైతే మళ్లీ గీరుడే.

ఇక రోజిన్, అంటే తీగకి పట్టు రావడానికి రాసే గట్టి బంక, మీ అమ్మాయి కమానుకి రాసేదే సరిపోతుంది. చక్రం తిప్పుతూ అంచుకి ఆనించీ ఆనించనట్టు రెండు మూడు చుట్లు చాలు. కొత్తవాళ్లం అందరం చేసే పొరపాటు ఏంటంటే పలకడం లేదని ఇంకా రాస్తాం, అది ఇంకా గీరుతుంది. చక్రం అంచుని మాత్రం వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు తగిలిన చోట రోజిన్ పట్టదు.

ఇంకో మాట, మూడు తీగలూ ఒకేసారి సరిచేయబోతే ఏది ఎందుకు అరుస్తోందో తెలీదు. శ్రుతి తీగలు రెండూ చక్రానికి తగలకుండా పక్కకి జరిపేసి, పాట తీగ ఒక్కటీ నిండుగా పలికేదాకా దాని మీదే ఉండండి.

భవానీపురం_చెక్కపని:

పైన చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్, కానీ ఒక చుట్టులో శబ్దం పెరిగి తగ్గడం దూది వల్ల కాదు, చక్రం గుండ్రంగా లేదు. పక్కకి కాస్త ఊగినా పెద్ద నష్టం లేదు, అంచు ఎత్తుపల్లాలుగా ఉంటేనే తీగ మీద ఒత్తిడి మారిపోతుంది. ప్లైవుడ్ చక్రానికి అంచు చుట్టూ ఒకచోట చెక్క పోగు నిలువుగా, ఒకచోట కొసగా వస్తుంది, అన్నిచోట్లా నునుపు ఒకేలా ఉండదు.

పరీక్ష తేలిక. తీగలన్నీ వదులు చేసి పక్కకి తీసేయండి. పెన్సిల్‌ని పెట్టె మీద కదలకుండా పట్టుకుని మొన అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఉంచి చక్రం తిప్పండి. గీత ఎక్కడ పడితే అక్కడ ఎత్తు. 400 నంబరు శాండ్ పేపర్‌ని చదునైన చెక్క ముక్కకి అతికించి, దాన్నీ అలాగే కదలకుండా ఆనించి చక్రం తిప్పుతూ ఉంటే ఎత్తు ఉన్నచోటే అరుగుతుంది. కాగితాన్ని చేత్తో చక్రం చుట్టూ పట్టి రుద్దితే మాత్రం పల్లం కూడా అరిగి వంకర వంకరగానే మిగులుతుంది. నేను మొదటిసారి చేసింది అదే, చక్రం పాడైంది, ఇంకోటి కోయించుకోవాల్సి వచ్చింది. నాలుగు చుట్లకోసారి ఆపి పెన్సిల్‌తో చూసుకోండి. అయ్యాక పొడిబట్టతో దుమ్ము తుడిచి కొత్తగా రోజిన్.

మీటలు రాత్రిపూటే ఇరుక్కుంటున్నాయి అన్నారు. ఆ గదిలో ఎయిర్ కూలర్ నడుస్తుందా? కూలర్ గాలి తడిగాలి, చెక్క ఉబ్బుతుంది. మీట దూరే కంతలో కాగితం మందం కూడా ఖాళీ ఉండదు కాబట్టి ఆ కాస్తకే బిగుసుకుంటుంది. ఇరుక్కునే మీట బయటికి తీసి పక్కలు చూడండి, రాసుకున్న చోట మెరుస్తుంది. అక్కడ మాత్రమే రెండుసార్లు శాండ్ పేపర్ లాగి, తెల్ల కొవ్వొత్తి రుద్దండి. ఆ మైనం చేత్తో చక్రం దగ్గరికి వెళ్లొద్దు. చక్రానికి మైనం అంటితే తీగ జారిపోతుంది, మళ్లీ గీకి మొదటినుంచి చేయాలి.

దీన్ని ఎలా పట్టుకుని వాయిస్తున్నారు? టేబుల్ మీద పెట్టి కాదు కదా?

మొగల్రాజపురం_నాన్న:

టేబుల్ మీదే! అదే తప్పని మాకు తెలీదు.

మూడు రోజుల తర్వాత రాస్తున్నా. దూది మేం అసలు చుట్టలేదు, కిట్‌లో చిన్న కవరులో ఇచ్చింది ప్యాకింగ్ అనుకున్నాం. అది కూడా ఎక్కడో పారేశాం. మా అమ్మని అడిగితే కార్తీక మాసానికి దాచుకున్న పత్తి తీసింది. నేను లాగితే ముద్దలు ముద్దలుగా వస్తోంది. ఆవిడ పక్కన కూర్చుని, కాస్త విబూది వేళ్లకి రాసుకుని, వత్తి చేసేటప్పుడు లాగినట్టే లాగింది, పొగలాగా వచ్చింది. విబూది మాత్రం వద్దమ్మా, రోజిన్ పట్టదేమో అని మళ్లీ ఉత్త చేత్తో చేయించాం. తీగకి చుట్టుకుంటుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. కీచు పోయింది!

చక్రం పెన్సిల్‌తో చూస్తే గీత పావు వంతు చుట్టుకే పడింది, అంటే బాగా ఎత్తుపల్లం. అరగంట ఓపిగ్గా అరగదీశాం. ఇప్పుడు శబ్దం పూర్తిగా పోవడం లేదు, కొంచెం ఊగుతుంది అంతే. కూలర్ సంగతి కూడా నిజమే, వాయిద్యం కూలర్ ముందున్న అలమరలోనే ఉంది, అక్కడి నుంచి మార్చాను.

మిగిలింది పంచమం. తీగ మొత్తం పొడవు, అదే పైన మెట్టు నుంచి బ్రిడ్జి (తీగలు ఆనుకునే చెక్క ముక్క) దాకా, స్కేలుతో 24 సెంటీమీటర్లు వచ్చింది. పై మీటలు నొక్కినప్పుడు ఒక్కోసారి ఈలలా కూడా వేస్తోంది. మీటలు ఏడు.

భవానీపురం_చెక్కపని:

ఒళ్లో పెట్టుకోండి, మీటలు నేలవైపు వాలేలా కొంచెం అవతలికి వంచి. కింద నుంచి వేళ్లతో పైకి నొక్కాలి, వదిలితే మీట తన బరువుకే కిందికి జారుతుంది. వీటికి స్ప్రింగులు ఉండవు. చదునుగా పెడితే వెనక్కి ఎలా వస్తాయి? పెట్టెకి ఒక బెల్టు కట్టి నడుముకి బిగించుకుంటే తిప్పేటప్పుడు కదలదు.

వీణ_అరండల్‌పేట:

ఈ థ్రెడ్ చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది, నాకు తెలిసింది కూడా చెబుతాను. మీ మీటకి లోపల చిన్న చెక్క పన్ను ఉంటుంది కదా, అది తీగని నొక్కే చోటే స్వరం. వీణకి మెట్లని మైనంలో నిలబెట్టేటప్పుడు చెవితో వింటూ అటూ ఇటూ జరుపుతారు, ఇక్కడ ఆ పన్నుదే మెట్టు పని. తీగ 24 అయితే సగంలో, అంటే బ్రిడ్జి నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర పై షడ్జం. మూడింట రెండు వంతులు 16 దగ్గర పంచమం. ముప్పావు వంతు 18 దగ్గర శుద్ధ మధ్యమం. అంతర గాంధారం 19.2. స్కేలు పెట్టి చూడండి, మీ పంచమం పన్ను 16 కంటే కాస్త దూరంగా ఉండి ఉంటుంది, అందుకే తక్కువ పలుకుతోంది. పన్నుకి చక్రం వైపున్న ముఖానికి సన్నటి చెక్క పొర ఒకటి ఫెవికాల్‌తో అతికించండి, పోస్టుకార్డు ముక్క అయినా సరే. ఎక్కువైతే గీకుతూ రండి. అతికించి వినడం తేలిక, కోసేశాక తిరిగి రాదు.

అయితే కొలతని పూర్తిగా నమ్మొద్దు. మీట గట్టిగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. అమ్మాయి ఎంత బలంతో నొక్కుతుందో అదే బలంతో నొక్కించి శ్రుతి చూడండి, మీరు నొక్కి సరిచేస్తే ఆమెకి మళ్లీ తేడా వస్తుంది. ఆ సాగడాన్నే వాడుకుని వేలు వణికిస్తే కాస్త కంపితం, అంటే స్వరం ఊగడం, కూడా వస్తుంది, నేర్పండి.

ఈల సంగతి: తీగ చక్రం మీద ఎంత బరువుతో ఆనుతోందన్నదే మొత్తం వాయిద్యానికి ప్రాణం. తంబూరాలో తీగ కింద జీవ అనే దారం పెట్టి దాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం ఎలా విచ్చుకుంటుందో తెలుసు కదా, ఇక్కడ దారం బదులు కాగితం. బ్రిడ్జి మీద తీగ కూర్చునే గాడిలో సన్నటి కాగితం ముక్క పెడితే తీగ చక్రం నుంచి కాస్త లేస్తుంది, తీసేస్తే దిగుతుంది. గీరుతుంటే పెట్టండి, ఈల వేస్తూ పట్టు లేకపోతే తీసేయండి. ఫ్రాన్స్‌వాళ్ల వాయిద్యాల్లో ఒక తీగకి బ్రిడ్జి ఒక కాలు వదులుగా ఉంటుంది, హ్యాండిల్ ఒక్క కుదుపు ఇస్తే జుయ్‌మని తాళం వేస్తుంది, దాన్ని వాళ్లు కుక్క అనే పిలుస్తారు. మీ కిట్‌లో అది ఉండకపోవచ్చు.

అమ్మాయికి ఇదొకటి చెప్పండి. స్పెయిన్‌లో సాంతియాగో దె కాంపొస్తెలా చర్చి ద్వారం మీద, 1188 నాటి శిల్పాల్లో, ఇద్దరు ముసలివాళ్లు దీని పూర్వ రూపాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయిస్తుంటారు. అప్పట్లో అంత పెద్దది, ఒకరు తిప్పితే ఇంకొకరు మీటలు చూసుకునేవారు. మీరిద్దరూ ఇప్పుడు చేస్తున్నది అదే.

మొగల్రాజపురం_నాన్న:

పంచమం పన్ను 16.3 దగ్గర ఉందండీ! పెళ్లి శుభలేఖ అట్ట రెండు పొరలు అతికిస్తే తంబూరా యాప్‌తో కలిసిపోయింది. బ్రిడ్జి గాడిలో ముందు నుంచీ ఉన్న కాగితం ముక్క తీసేశాం, ఈల పోయింది. మీటలు శంకరాభరణం రాగం మెట్లలో ఉన్నాయి కాబట్టి మాయామాళవగౌళ రాగంలో ఉండే సరళీ వరుసలు, అంటే మొదటి పాఠాలు, కుదరవని మా అమ్మాయే కనిపెట్టి, మోహనంలో గీతం ఎత్తుకుంది. ఇంకా రెండు చేతులూ కలవడం లేదు, అందుకని నేను తిప్పుతున్నా, తను మీటలు నొక్కుతోంది, నిన్న సాయంత్రం గీతం చివరిదాకా వచ్చింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆ రెండో తీగకి కూడా దూది చుట్టండి, షడ్జం వినబడితే పాట నిలబడుతుంది అంది. ఆదివారం శ్రుతి తీగలు కలుపుతున్నాం. రెండో తీగని షడ్జానికి పెట్టి మూడోదాన్ని పంచమానికి పెట్టాలా, రెండూ షడ్జమే ఉంచాలా?

వీణ_అరండల్‌పేట:

ముందు రెండూ షడ్జమే ఉంచండి, ఒకటి మంద్రంలో. అవి రెండూ కొట్టుకోకుండా ఒక్కటిగా వినబడ్డాక ఒకదాన్ని పంచమానికి మార్చి చూడండి. మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాం.