ఉబుంటులో టచ్‌ప్యాడ్ ఎడమ బటన్ వదిలినా నొక్కినట్టే ఉంటోంది

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి: ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. వేలు తీసినా ఫైళ్లన్నీ సెలెక్ట్ అయిపోతున్నాయండి. వేడెక్కాక మరీ ఎక్కువ. యూఎస్‌బీ మౌస్ బాగానే ఉంది. అమ్మాయి ప్రాజెక్టు ఇందులోనే ఉంది, టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు: వద్దండి. టచ్‌ప్యాడ్ నుంచి ఏ సంకేతాలు వస్తున్నాయో చూపించే లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో ‘సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్’ నడపండి. వేలు తీశాక ‘రిలీజ్డ్’ (బటన్ వదిలారు) అని రాకపోతే లోపం దాదాపు హార్డ్‌వేర్‌దే.

మరో జవాబు: ముందు బల్ల మీద పెట్టి చూడండి. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ అంచు లేచిందా? బ్యాటరీ ఉబ్బితే దాన్ని కిందనుంచి నెట్టేస్తుంది. అలా ఉంటే ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. ఇది ప్రమాదం, దయచేసి ఆలస్యం చేయొద్దు.

ఎంవీపీ కాలనీ నుంచి: రిలీజ్డ్ రావట్లేదు. కుడి మూల గోరు దూరేంత లేచింది! ఆఫ్ చేసేశాను. బ్యాటరీ మార్పించడానికి డాబా గార్డెన్స్ బయల్దేరుతున్నా.